గ్నూప్లాట్ హీట్‌మ్యాప్ వంకరగా వస్తోందా? ముందు ఒక్కో గీతలో ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి

అంకెల ఫైలు నుంచి బొమ్మలు గీసే గ్నూప్లాట్‌లో హీట్‌మ్యాప్ (విలువను బట్టి రంగులు వేసే పటం) రావట్లేదని, వచ్చినా ఏదో తేడాగా ఉందని నెలకు ఇద్దరు ముగ్గురైనా నా దగ్గరికి వస్తారు. ఎక్కువగా హనుమకొండ, కాజీపేట వైపు ప్రాజెక్టులు చేసే ఇంజినీరింగ్ పిల్లలు. అప్పటికే పాలెట్ (ఏ అంకెకు ఏ రంగో చెప్పే వరస) మార్చి ఉంటారు, వెర్షన్ మార్చి ఉంటారు, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించి కూడా ఉంటారు. డేటా ఫైలును మాత్రం ఒక్కసారీ తెరిచి చూసి ఉండరు. నేను ఇన్నేళ్ళలో చూసిన వాటిలో చాలా వరకు తప్పు ఫైల్లోనే ఉంది. కాబట్టి స్క్రిప్టు పక్కన పెట్టి, నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరవండి. ప్లాట్ కమాండ్లు, యూజింగ్‌తో కాలమ్‌లు ఎంచుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

బొమ్మే రాదు, పెట్టె మాత్రం ఖాళీగా వస్తుంది

ఎక్స్, వై, విలువ మూడూ తీసుకునే స్ప్లాట్ కమాండ్‌తో పీఎం3డీ మ్యాప్ (బిందువుల మధ్య రంగు గడులు నింపేది) వేస్తే, ఒకే స్కాన్ (ఒకే ఎక్స్ ఉన్న వరుసల గుంపు, మన మాటలో ఒక గీత) ఉంది, అది సరిపోదు, ఫైల్లో ఖాళీ లైన్లు లేవేమో చూడు అని గ్నూప్లాటే హెచ్చరిస్తుంది. దాన్ని చదవకుండా టెర్మినల్ మూసేస్తారు. ఎక్స్ విలువ మారిన ప్రతిచోటా ఒక ఖాళీ లైను ఉండాలి. ఒకటే. రెండు పెడితే అక్కడి నుంచి వేరే డేటాసెట్ మొదలైందని అనుకుంటుంది. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఫైలుగా) తీసినవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి: ఎక్సెల్‌లో వదిలిన ఖాళీ వరుస ఫైల్లోకి ఉత్త కామాలుగా వస్తుంది. కంటికి ఖాళీగానే ఉంటుంది కానీ అది ఖాళీ లైను కాదు, ఆ కామాలు తీసేయాలి.

మ్యాపంతా దాదాపు ఒకే రంగు

కొలత లేని చోట లాగర్ (కొలతలు నమోదు చేసే పరికరం) మైనస్ 9999 రాసి ఉంటుంది, లేదంటే ఎవరో చేత్తో సున్నా పెట్టి ఉంటారు. కలర్‌బార్, అంటే పక్కనుండే రంగుల పట్టీ, ఆ అంకె దాకా సాగిపోయి, అసలు విలువలన్నీ పైన ఒక మూలకు చేరతాయి. యూజింగ్‌లోనే షరతు పెట్టండి: మూడో కాలమ్ మైనస్ 9000 కంటే తక్కువైతే నాన్, లేకపోతే ఉన్న విలువ. నాన్ అంటే ఎన్, ఏ, ఎన్ అనే మూడక్షరాలు, 'ఇక్కడ అంకె లేదు' అని అర్థం. సున్నా సంగతి ఇంకా జాగ్రత్త. వానమాపకంలో సున్నా అంటే ఆ రోజు చినుకు పడలేదని, అది నిజమైన కొలత. కొలవలేదు అనడానికి దాన్ని వాడితే తర్వాత ఏది ఏదో మీరే విడదీయలేరు.

బొమ్మ బాగానే వస్తుంది, ఎర్రరూ లేదు, కానీ అబద్ధం చెబుతుంది

నన్ను ముంచింది ఇదే. పరకాల వైపు ఒక ఊరి చెరువులో పూడిక ఎక్కడ తీయించాలో చూద్దామని, వానలు తగ్గాక తెప్ప మీద తిరిగి తాడుకు బరువు కట్టి లోతు కొలిచాం. కట్ట నుంచి లోపలికి 12 గీతలు, ఒక్కో గీత మీద ఇరవై మీటర్లకు ఒకటి చొప్పున 9 చోట్ల. మొత్తం 108 రావాలి. ఏడో గీతలో కట్టకు దగ్గరగా తుమ్మచెట్లు నీళ్ళలో మునిగి ఉండి తెప్ప పోలేదు, మొదటి మూడు చోట్లు వదిలేశాం. వదిలేసిన వాటికి ఫైల్లో వరుసలే రాయలేదు. 105 వరుసలతో మ్యాప్ వేస్తే చక్కగా వచ్చింది. ప్రింటు తీసి ఊళ్ళో చూపించాం. తెప్ప నడిపిన పెద్దాయన కాగితం మీద వేలు పెట్టి, "ఈడ మనం పోనేలేదు గదా బిడ్డా, చెట్లుండె" అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోట మంచి ముదురు నీలం, అంటే బాగా లోతని. కొలవని చోట కూడా కొంత మేర రంగు ఉంది, కొలిచిన చోట, అంటే ఆ గీతకు అటు చివర పక్కల, రంగు లేదు. ఆ తెల్లగా ఉన్నదాన్ని మేం చెరువు అంచు అనుకున్నాం.

ఎందుకలా అవుతుందంటే, పీఎం3డీ పక్కపక్క గీతలను కలిపేటప్పుడు ఏ బిందువు ఎక్కడుందో చూసి జత కట్టదు, ఎన్నో బిందువో చూసి కడుతుంది. ఆరో గీతలో మొదటిదానికి ఏడో గీతలో మొదటిది, రెండోదానికి రెండోది. ఏడో గీతలో మొదటి మూడు లేవు కాబట్టి, ఆరో గీతలో కట్ట పక్కనే ఉన్న బిందువుకు ఏడో గీతలో అరవై మీటర్ల లోపల ఉన్న బిందువు జత అయింది. అక్కడి నుంచి ప్రతి గడీ ఏటవాలుగా సాగింది, దాని రంగేమో నాలుగు మూలల సగటు, అంటే కట్ట దగ్గరి లోతునూ చెరువు నడిమి లోతునూ కలిపేసిన అంకె. ఏడు, ఎనిమిది గీతల మధ్య కూడా ఇదే కథ. ఏడో గీతలో తొమ్మిదింటికి ఆరే ఉన్నాయి కాబట్టి జత దొరకని చివరి మూడింటి వైపు గడులు గీయకుండా వదిలేసింది. ఇది బగ్ కాదు. పొడవులు తేడాగా ఉన్నప్పుడు ఎటు నుంచి లెక్కపెట్టాలో చెప్పడానికి ఫ్లష్ అనే ఆప్షన్ ఉంది, డిఫాల్ట్‌గా అది బిగిన్, అంటే మొదటి నుంచి. ఎండ్ అని మార్చితే మా ఫైలు సరిగ్గా కనిపించేదేమో, ఎందుకంటే పోయినవి మొదట్లోనే. కానీ నడిమిలో ఒకటి పోతే ఏ ఫ్లషూ పనికిరాదు. దాని జోలికి పోవద్దు.

అనుమానం వస్తే రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. అదే ఫైలును స్ప్లాట్‌తో కాకుండా మామూలు ప్లాట్‌తో, విత్ పాయింట్స్ అని, రంగు పాలెట్ నుంచి తీసుకోమని చెప్పి వేయండి. ప్రతి కొలత తన సొంత చోటులోనే చుక్కగా పడుతుంది, పక్కదానితో జత కట్టదు కాబట్టి సాగదు. ఆ చుక్కల మధ్య ఖాళీలు కనిపించి, హీట్‌మ్యాప్‌లో అదే చోట ఖాళీ లేకపోతే మీ సమస్య ఇదే. లేదా ఆక్‌తో (టెర్మినల్‌లో కాలమ్‌ల లెక్కలు చూసే చిన్న టూల్) మొదటి కాలమ్ వారీగా వరుసలు లెక్కపెట్టండి. అన్ని గీతలకూ ఒకే అంకె రావాలి, ఒక్కటి తేడా వచ్చినా ఆగి చూడండి.

పరిష్కారం ఒకటే: కొలిచినా కొలవకపోయినా గ్రిడ్‌లో ఉన్న ప్రతి బిందువుకూ ఒక వరుస ఉండాలి. ఎక్స్, వై అంకెలు మామూలుగా రాసి, లోతు చోట నాన్ అని పెట్టాలి. ఎక్స్, వైలను కూడా నాన్ చేయొద్దు. చేత్తో కాదు, చిన్న స్క్రిప్టుతో చేయండి. ఉన్న కొలతలన్నీ ఎక్స్, వై జతతో ఒక పట్టికలో పెట్టుకుని, రెండు లూప్‌లు తిప్పుతూ జత దొరికితే విలువ, దొరక్కపోతే నాన్ రాసి, గీత అయిపోగానే ఒక ఖాళీ లైను వదలాలి. లూప్‌ను 0.1 చొప్పున కూడుకుంటూ పోకండి. కంప్యూటర్‌లో 0.1ని మూడుసార్లు కూడితే సరిగ్గా 0.3 రాదు, జతలు దొరక్క ఉన్న కొలతలు కూడా నాన్ అయిపోతాయి. పూర్ణాంకాలతో తిప్పి, రాసేటప్పుడు పదితో భాగించండి, వెతికేది కూడా ఆ పూర్ణాంకాలతోనే. పైథాన్ తెలిసినవాళ్ళు పాండాస్ లైబ్రరీలో పివట్ చేస్తే, అంటే వరుసల జాబితాను ఎక్స్, వై గడుల పట్టికగా మారిస్తే, నాన్‌లు అవే వస్తాయి. అయితే ఒక గీత మొత్తానికి మొత్తం పోతే పివట్‌కు ఆ గీత ఉందనే తెలియదు, దాని అటూ ఇటూ ఉన్న గీతలు కలిసిపోయి మళ్ళీ ఖాళీ మాయమవుతుంది. అందుకని పివట్ తర్వాత ఉండాల్సిన గీతల పూర్తి జాబితా ఇచ్చి రీఇండెక్స్ చేయాలి. దీన్ని మాత్రం మరిచిపోకండి, నేను రెండోసారి దెబ్బతిన్నది దీనితోనే.

ఇక చాలామంది పట్టుకునే అడ్డదారి డీగ్రిడ్3డీ. ఒక్క లైనుతో ఖాళీలన్నీ నిండిపోయి బొమ్మ నున్నగా వస్తుంది, అదే నా బాధ. చుట్టుపక్కల అంకెల నుంచి లెక్కకట్టి, మనం పోని చోట కూడా విలువలు పుట్టిస్తుంది. అడ్డదిడ్డంగా చల్లినట్టు తీసిన కొలతలకు, అంచనా అని స్పష్టంగా రాసి వాడితే నాకేం అభ్యంతరం లేదు. తెప్ప పోలేని చోట ఎంత పూడిక ఉందో అది చెప్పలేదు, పూడిక తీయడానికి డబ్బు పెట్టేవాళ్ళ ముందు ఆ మ్యాప్ పెట్టకండి.

నాన్‌లు పెట్టాక ఖాళీ మరీ పెద్దగా కనిపిస్తోందని

ఒక్క కొలతే పోయింది, నాలుగు గడులు మాయమయ్యాయి అంటారు. నిజమే, పీఎం3డీ బిందువుల మధ్య గడులు గీస్తుంది, ఒక బిందువు నాలుగు గడులకు మూల. 12 గీతలు, 9 బిందువులుంటే గడులు 11 బై 8 మాత్రమే. ఒక కొలతకు ఒక గడి కావాలంటే, నింపిన అదే ఫైలును ప్లాట్‌తో విత్ ఇమేజ్ అని వేయండి, బిందువు గడి నడిమికి వస్తుంది. దీనికి ఎడం అంతటా సమానంగా ఉండాలి, గ్రిడ్ పూర్తిగా నిండి ఉండాలి. మా పాత 105 వరుసల ఫైలును దీనికిస్తే లెక్క కుదరక మొరాయించేది. మొదటి రోజే అలా వేసి ఉంటే ఆ ప్రింటు ఊళ్ళోకి పోయేది కాదు.

మిగతావి అరుదు. పీడీఎఫ్‌లో గడుల మధ్య సన్నటి తెల్లగీతలు వస్తే అది చూపించే యాప్ పని, పీఎన్‌జీలో తీస్తే పోతాయి. ఎక్స్, వై తారుమారై మ్యాప్ అడ్డం తిరిగితే యూజింగ్‌లో కాలమ్ నంబర్లు చూడండి. పాలెట్ తలకిందులైతే పాలెట్ నెగటివ్ అని పెట్టండి, సరిపోతుంది.