ఊటీ అద్దె ఇంట్లో అన్నం, పప్పు సరిగ్గా ఉడకాలంటే

ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92–93 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు కుతకుతలాడినా గిన్నెలో వేడి అంతకు మించదు. అందుకే మూత పెట్టి వండిన అన్నం పలుకుగా ఉంటుంది, కందిపప్పు గంటైనా మెదగదు. నలుగురు వెళ్తుంటే ఏది మరిచినా అయిదు లీటర్ల కుక్కరు మాత్రం మరవొద్దు. అద్దె ఇంట్లో కుక్కరున్నా గ్యాస్కెట్ గట్టిపడిపోయి పక్కల నుంచి ఆవిరి పోతుంటే విజిలే రాదు.

బుక్ చేసేముందే పొయ్యి గ్యాసా, ఇండక్షనా అని అడగండి. ఇండక్షన్ మీద మామూలు అల్యూమినియం కుక్కరు పనిచేయదు. అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటేనే అది పనికొస్తుంది. గీజరు, ఇండక్షను ఒకేసారి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోవచ్చు, కాబట్టి స్నానాలయ్యాకే వంట మొదలుపెట్టండి. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ సంచులకు, చిన్న నీళ్ల సీసాలకు నిషేధం ఉంది. పప్పులు, పోపు సామాను స్టీలు డబ్బాల్లోనో గుడ్డ సంచుల్లోనో సర్దుకోండి.

మొదటి రాత్రికి పులగం, పచ్చిపులుసు చాలు. 200 మి.లీ. గ్లాసుతో బియ్యం గ్లాసున్నర, పెసరపప్పు ముప్పావు గ్లాసు కడిగి అరగంట నానబెట్టండి. నీళ్లు వంపేసి, కొత్తగా ఏడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా జీలకర్ర, పది మిరియాలు, ఉప్పు వేయండి. కుక్కరు సగానికి మించి నిండకూడదు, నిండితే నురుగు పొంగి వెయిట్ రంధ్రం మూసుకుపోతుంది. ఇండక్షన్‌ని 1,000 వాట్ల దగ్గరే ఉంచండి. ఎక్కువ పెడితే అడుగంటుతుంది, విజిళ్లు గబగబా వచ్చేస్తాయి, లోపల మాత్రం ఉడకదు. ఇంట్లో మూడు విజిళ్లయితే ఇక్కడ అయిదు రానివ్వండి. వెయిట్ అదే అయినా బయటి గాలి ఒత్తిడి తక్కువ కనుక, కుక్కరు లోపల 120 డిగ్రీలు ఉండాల్సిన వేడి 116 దగ్గరే ఆగుతుంది. ఆవిరంతా దానంతటదే దిగాక మూత తీసి నెయ్యి కలపండి.

పచ్చిపులుసుకు పొయ్యి పెద్దగా అక్కర్లేదు. నిమ్మకాయంత చింతపండును గోరువెచ్చని నీళ్లలోనే నానేయండి, ఆ చలికి చన్నీళ్లలో త్వరగా నానదు. రసం పిండి మూడు గ్లాసులు చేసి, ఉల్లిముక్కలు, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లం వేసి పైన పోపు పెట్టండి. పోపుకు 600 వాట్లు చాలు. ఎక్కువ పెడితే పల్చటి స్టీలు గిన్నె మధ్యలోనే కాలి ఆవాలు మాడిపోతాయి.

కందిపప్పే కావాలంటే గంటసేపు వేడినీళ్లలో నానబెట్టి ఆరు విజిళ్లు రానివ్వండి. చింతపండు, టమాటా మాత్రం పప్పు మెత్తబడ్డాకే వేయాలి, ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు గట్టిగానే ఉండిపోతుంది. కూరకు అక్కడ పండే క్యారెట్, బీన్స్, క్యాబేజీ కొనుక్కోండి. పెరుగు తోడు పెట్టే పని మాత్రం పెట్టుకోవద్దు. ఆ చలికి తెల్లారేసరికి తోడుకోదు, కొనుక్కోవడమే మేలు.