ఇంటి అడ్రస్ రుజువు లేని సెక్స్ వర్కర్ అక్కలు ఆధార్ తీసుకోవాలంటే

మనది ఉద్యోగమా కాదా అని టీవీల్లో వాదించుకుంటూనే ఉంటారు. ముందు కార్డు తెచ్చుకోండక్కా. సంతకం పెట్టమని ఇంటి ఓనర్‌ను బతిమాలొద్దు. 2022 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ చాలు. మీ పీర్ వర్కర్‌నే (ఎయిడ్స్ నివారణ ప్రాజెక్టులో పనిచేసే మన తోటి అక్క) అడగండి, కాగితం కదిలిస్తుంది. కార్డు మీద మన పని తెలిసేలా ఏ గుర్తూ ఉండకూడదని కూడా కోర్టు చెప్పింది, టెన్షన్ వద్దు. సెంటర్లో ఎవరైనా ‘ఏం చేస్తావ్?’ అంటే జవాబు చెప్పక్కర్లేదు. ఆ ఫారంలో వృత్తి అనే గడే లేదు.

పగలు అంట్లు తోమేవాళ్లకు వేలిముద్రలు ఒక పట్టాన పడవు. ముందురోజు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పొద్దున శుభ్రంగా తుడుచుకెళ్లండి. ఫోన్ నంబర్ మాత్రం మీదే ఇవ్వండి, ఇల్లు నడిపే ఆమెది కాదు. ఓటీపీ ఆమెకెళ్తే మీ బ్యాంకు డబ్బూ ఆమె చేతిలో పడే ప్రమాదం ఉంది.