పిలకాయలతో క్రిస్మస్ చెట్లు: కత్తిరింపు మనది, అంటింపు వాళ్లది

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిలకాయలతో క్రిస్మస్ చెట్టు చేయించాలంటే సగం పని ముందురోజు రాత్రే అయిపోవాలి. కొలవడం, గీయడం, కత్తిరించడం మనం చేసి పెట్టుకోవాలి. అంటించడం, చుట్టడం, అద్దడం వాళ్లకు వదిలెయ్యాలి. చిత్తూరులో మా చర్చి సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు నాది. అందర్నీ చాప మీద కూర్చోబెట్టాక కత్తెర కోసం వెతుక్కోవడం కంటే పెద్ద టెన్షన్ ఇంకొకటి లేదు.

కొనాల్సినవి తక్కువే. ఆకుపచ్చ చార్టు, ఆకుపచ్చ క్రేప్ పేపరు, ఒక ఊలు ఉండ, ఫెవికాల్. బజారు వీధిలో ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా ఇస్తారు. అలంకారానికి మాత్రం పూసలు, ముత్యాలు కొనొద్దు. చిన్నవాళ్ల చేతిలో పూస నోట్లోకో ముక్కులోకో పోతుంది. వాటికి బదులు బొట్టుబిళ్లలు తీసుకోండి. ఎరుపు, పసుపు రంగుల్లో, మెరుపు రాళ్లు లేని మామూలువి. చూపుడు వేలి గోటితో బిళ్ల అంచు లేపాలి, అది చిరగకుండా బొటనవేలితో పట్టాలి, వేలికి అతుక్కున్నదాన్ని చెట్టు మీదికి దించాలి. నాలుగేళ్ల పిల్ల నాలుక బయటపెట్టి మరీ చేస్తుంది ఈ పని. పెన్సిలు పట్టే వేళ్లకు ఇంతకంటే మంచి కసరత్తు ఏముంటుంది? ఒకటి రెండు నుదుటికి కూడా పోతాయి, పోనీండి.

ఫెవికాల్ డబ్బా చేతికి ఇవ్వకండి. నీళ్ల బాటిల్ మూతలో ఒక చెంచాడు పోసి, ఒక్కొక్కరికి ఒక్కో మూత పెట్టండి. పక్కన తడిగుడ్డ ఉండాలి.

అన్నిటికంటే సులువైనది కోను ఆకారం చెట్టు. భోజనం కంచాన్ని చార్టు మీద బోర్లించి చుట్టూ గీసి, కత్తిరించి, సగానికి కోయండి. ఒక కంచానికి రెండు చెట్లు వస్తాయి. సగం ముక్కను టోపీలా చుట్టి, అంచులు అంటించి, ఆరేదాకా బట్టల క్లిప్పు పెట్టండి. కొందరు సన్నగా, అందంగా ఉంటుందని కంచంలో పావు భాగమే చుడతారు. చూడ్డానికి బాగుంటుంది గానీ అడుగు ఇరుకైపోయి, పిల్లలు చెయ్యి వేయగానే పడిపోతుంది. సగం ముక్క చెట్టు కాస్త పొట్టిగా ఉన్నా కదలకుండా కూర్చుంటుంది.

దీనికి క్రేప్ పేపరు ఆకులు కట్టాలి. మూడు వేళ్ల వెడల్పు పట్టీలు మీరు కోసివ్వండి. ఆ పట్టీ అంచున కుచ్చులు కత్తిరించడం మాత్రం నాలుగేళ్లు దాటినవాళ్లకు, మొన తేలని కత్తెర ఇచ్చి వదలొచ్చు. కుచ్చుకు కత్తెర ఒక్కసారి మూస్తే చాలు. గీత వెంబడి పోవాల్సిన పని లేదు కాబట్టి చిన్న చెయ్యి అలిసిపోదు. అంటించేటప్పుడు బోదగడ్డితో కొట్టం కప్పినట్టు కింది నుంచి పైకి రావాలి. పై వరస కుచ్చులు కింది వరస అతుకును కప్పేస్తాయి. పైనుంచి మొదలుపెడితే ఫెవికాల్ మరకలన్నీ బయటికి కనిపిస్తాయి.

మూడేళ్లవాళ్లకు ఊలు చెట్టు. అట్టపెట్టెలోంచి జానెడు త్రికోణం కోసి, పక్క అంచుల్లో చిన్న చిన్న గాట్లు పెట్టండి. గాట్లు లేకపోతే ఊలు పైకి జారిపోతుంది. కొస వెనకాల టేపుతో అంటించి పిల్ల చేతికిస్తే చుడుతూనే ఉంటుంది. ఈలోపు వంటింట్లో మనకు ఒక కూర అయిపోతుంది.

చేతుల చెట్టు ఇంటికి బాగుంటుంది, క్లాసుకు కాదు. అరచెయ్యి చార్టు మీద పెట్టి చుట్టూ గీసి, కత్తిరించి, వేళ్లు కిందికి వచ్చేలా నాలుగు, మూడు, రెండు, ఒకటి అని వరసలు పేరిస్తే పది చేతులు. ఒకే పిల్లాడి చెయ్యి పదిసార్లు గీస్తే మూడోసారికే లేచి పారిపోతాడు. ఇంట్లో అందరివీ గీయండి. అవ్వ, తాత, నాన్నల చేతులు కింది వరసలో, అందరికంటే చిన్నవాడిది పైన. ఇక్కడా కింది వరసే ముందు అంటించాలి. వెనకాల ఏ సంవత్సరమో రాసి పెట్టండి.

నాకు మాత్రం మామిడాకుల చెట్టే ఇష్టం. తోతాపురి తోటలున్న జిల్లాలో ఆకులకు కరువా! ముదురాకులే కోయండి. డిసెంబర్లో కొన్ని చెట్లు పూతకు వస్తుంటాయి కాబట్టి కొమ్మ కొసలు విరవకండి. కోసిన వెంటనే పిల్లల చేతికి ఇవ్వొద్దు. తొడిమ దగ్గర సొన కారుతుంది, అది తగిలితే కొందరికి చర్మం మండి పొక్కుతుంది. తొడిమలు తుంచి, కడిగి, తుడిచి, పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బియ్యం మూట పెట్టి రాత్రంతా ఉంచండి. అప్పుడు ముడుచుకోకుండా ఉంటాయి. అట్ట త్రికోణం మీద ఆకు కొస కిందికి ఉండేలా, వరస మీద వరస, మళ్లీ అడుగు నుంచే. ఆకు నున్నటి వైపు ఫెవికాల్ సరిగ్గా పట్టదు, వెనక వైపే రాయించండి. అయినా రెండు మూడు రోజులకు ఆకులు వాడి ముడుచుకుపోతాయి. కాబట్టి డిసెంబర్ 23న గానీ 24న గానీ చేయండి.

మామిడాకులతో క్రిస్మస్ చెట్టేంటి అని అడిగేవాళ్లు ఉంటారు. జర్మనీలో ఫర్ చెట్టు దొరికింది, వాళ్లు దాన్ని పెట్టుకున్నారు. 1848లో విక్టోరియా రాణి కుటుంబం అలాంటి చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో వచ్చాక ఇంగ్లండులోనూ బాగా పాకింది. మన ఊళ్లలో సరుగుడు కొమ్మ పెట్టుకునే ఇళ్లు లేవా? అలాగే ఇదీ.

పైన నక్షత్రం పెట్టకుండా పిల్లలు ఒప్పుకోరు. నక్షత్రాన్ని చూస్తూ బాలయేసు దగ్గరికి వచ్చిన తూర్పుదేశపు జ్ఞానుల కథ చెప్పడానికి అదే సమయం. దానికి పాత పెళ్లిపత్రికల మెరుపు అట్ట చక్కగా పనికొస్తుంది. మా వైపు చాలా పత్రికల మీద వెంకటేశ్వర స్వామి బొమ్మ ఉంటుంది. దాని మీద కత్తెర పెడితే ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారు. ఆ పేజీ తీసి భద్రంగా పక్కన పెట్టి, లోపలి అట్టే వాడండి.

పిల్లలు ఇంటికి వెళ్లాక చెట్టును సరిచేయాలని మనకు చెయ్యి దురద పెడుతుంది. బొట్టుబిళ్లలన్నీ ఒకే మూల గుంపుగా ఉన్నా సరే, ముట్టుకోకండి. మర్నాడు వచ్చి ముందు చూసేది ఆ మూలే.

డిసెంబర్ ముసురులో ఫెవికాల్ తొందరగా ఆరదు. కిటికీ దగ్గర కాకుండా ఫ్యాను కింద పెట్టండి, పూర్తిగా ఆరడానికి రాత్రంతా పడుతుంది. కాగితం చెట్ల దగ్గర కొవ్వొత్తి వెలిగించొద్దు, సీరియల్ లైట్లు వాటికి చుట్టొద్దు. లైట్లు గుమ్మానికి కట్టుకోండి.