స్లీప్‌లోకి పోయిన సిస్టం లేవడం లేదా? పవర్ బటన్ నొక్కిపట్టే ముందు ఇవి చూడండి

మౌస్ కదిపారు, కీబోర్డు మీద నాలుగు కీలు కొట్టారు, స్క్రీన్ నల్లగానే ఉంది. ఇక్కడ చాలామంది పవర్ బటన్‌ను నొక్కిపట్టి సిస్టంను ఆపేసి మళ్లీ ఆన్ చేస్తారు. సేవ్ చేయని పని ఎలాగూ పోతుంది, తప్పు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లు కూడా దాంతోనే పోతాయి. ఒక్క నిమిషం ఆగండి. క్యాబినెట్ ముందున్న లైటు ఎట్లా ఉంది? ఫ్యాన్ తిరుగుతోందా? క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డులో దాని లైటు వెలిగి ఆరుతోందా? ఈ మూడు చూస్తే ఎటు వెతకాలో తెలిసిపోతుంది.

మామూలు స్లీప్‌లో ప్రాసెసర్, ఫ్యాన్లు, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు అన్నీ ఆగిపోతాయి. మీరు తెరిచి పెట్టిన పనంతా ర్యామ్‌లో ఉంటుంది. ఆ ర్యామ్‌ను నిలబెట్టేది ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటు అందించే డబ్బా) నుంచి వచ్చే 5 వోల్టుల స్టాండ్‌బై లైను. అది ఒక్క క్షణం తెగినా స్లీప్ ముగిసినట్టే.

లైటు లేదు, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు

కొన్ని క్యాబినెట్లలో స్లీప్‌లో లైటు మినుకుమంటుంది, కొన్నింట్లో రంగు మారుతుంది, కొన్నింట్లో పూర్తిగా ఆరిపోతుంది. మీది మామూలుగా ఎట్లా ఉంటుందో బాగున్న రోజే చూసి పెట్టుకోండి.

మన దగ్గర ఈ లక్షణానికి మొదటి అనుమానం కంప్యూటర్ మీద కాదు, గోడ మీది స్విచ్ మీద పెట్టుకోవాలి. హనుమకొండలో జిరాక్స్, డీటీపీ షాపు ఏదైనా చూడండి. రాత్రి షట్టర్ దించేటప్పుడు షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ ఆపేసి పోవడం అలవాటు. షాపులో కుర్రాడు సాయంత్రం సిస్టంను స్లీప్‌లో పెడతాడు, ఓనర్ రాత్రి మెయిన్ ఆపుతాడు, పొద్దున "అన్నా, సిస్టం లేస్తలేదు" అని ఫోన్. అది స్లీప్‌లో లేదు, ఎప్పుడో ఆగిపోయింది. పవర్ బటన్ ఒకసారి మామూలుగా నొక్కితే మొదటి నుంచి బూట్ అవుతుంది. రిపేరు చేయడానికి అక్కడ ఏమీ లేదు, రాత్రి షట్‌డౌన్ చేయడమే.

ఎండాకాలం సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయినప్పుడు జరిగేదీ ఇదే. యూపీఎస్ బ్యాటరీ పాతబడితే ఆ క్షణాన్ని దాటించలేకపోవచ్చు. ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఫ్యాన్లు, లైట్లకు నార్మల్ మోడ్ చాలు. కంప్యూటర్‌కు ఆ మారే సమయం ఎక్కువవుతుంది కాబట్టి యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి.

దీనికి విండోస్‌లోనే ఒక రక్షణ ఉంది. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, స్లీప్ కింద 'అలౌ హైబ్రిడ్ స్లీప్' చూడండి. అది ఆన్‌లో ఉంటే పని ర్యామ్‌తోపాటు డిస్కు మీద కూడా రాసి ఉంటుంది, కరెంటు పోయినా మళ్లీ ఆన్ చేస్తే దొరుకుతుంది. స్లీప్ సమస్య అనగానే "హైబర్నేట్ ఆపేయండి" అని సలహా ఇచ్చే వీడియోలు చాలా ఉన్నాయి. హైబర్నేట్ అంటే పనంతా డిస్కు మీద రాసి సిస్టం పూర్తిగా ఆగిపోవడం. దాన్ని ఆపితే హైబ్రిడ్ స్లీప్ కూడా పోతుంది. కారణం తేల్చుకోవడానికి ఒకటి రెండు రోజులు ఆపి చూడటం వేరు, కరెంటుకు భరోసా లేని చోట శాశ్వతంగా ఆపేయడం వేరు. రెండోది నేను ఒప్పుకోను.

మౌస్‌కు లేవదు, పవర్ బటన్ నొక్కితే లేస్తుంది

ఇది తేలిక. పది నిమిషాల స్లీప్ నుంచి మౌస్‌తో లేచి, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక మాత్రం లేవడం లేదంటే, మధ్యలో సిస్టం స్లీప్ నుంచి హైబర్నేట్‌లోకి జారి ఉంటుంది. అదే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'హైబర్నేట్ ఆఫ్టర్' ఎన్ని నిమిషాలకు పెట్టి ఉందో చూడండి. హైబర్నేట్‌లో మౌస్, కీబోర్డు సాధారణంగా పనిచేయవు, బటనే నొక్కాలి.

ఎప్పుడూ మౌస్‌కు లేవకపోతే డివైస్ మేనేజర్‌లో కీబోర్డు, మౌస్ రెండింటి ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'అలౌ దిస్ డివైస్ టు వేక్ ది కంప్యూటర్' దగ్గర టిక్ పెట్టండి. అది ఉన్నా పలకకపోతే వైరును హబ్ నుంచి, ముందు పోర్టు నుంచి తీసి వెనక మదర్‌బోర్డు పోర్టుకే గుచ్చి చూడండి. ఇంకా కాకపోతే బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాం) ఈఆర్‌పీ అనే సెట్టింగ్ వెతకండి. స్టాండ్‌బైలో కరెంటు ఆదా కోసం పెట్టింది అది. ఎనేబుల్ చేసి ఉంటే కొన్ని బోర్డుల్లో యూఎస్‌బీకి వెళ్లే కరెంటు కోసేయవచ్చు, కాబట్టి డిసేబుల్ చేసి చూడండి.

ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్ లాక్ లైటు మారుతోంది, బొమ్మ మాత్రం లేదు

సిస్టం లేచింది. లేవనిది మానిటర్. సేవ్ చేయని పని ఇంకా బతికే ఉంది కాబట్టి పవర్ బటన్ జోలికి అసలు పోవద్దు.

విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ ఒకేసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, ఒక బీప్ వినిపించి బొమ్మ రావచ్చు. రాకపోతే మానిటర్ ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి, మెనూలో ఇన్‌పుట్ సరైనదేనా చూడండి. డిస్‌ప్లే పోర్ట్ వైరు వాడేవాళ్లు మానిటర్ మెనూలో డీప్ స్లీప్ అనేది ఉంటే ఆపేయండి.

పాత వీజీఏ మానిటర్‌కు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ తగిలించి నడిపేవాళ్లు మన దగ్గర ఎక్కువ. చవక కన్వర్టర్లు హెచ్‌డీఎంఐ పోర్టు ఇచ్చే కాస్త కరెంటు మీదే బతుకుతాయి. స్లీప్‌లో అది పోయి మళ్లీ వచ్చినప్పుడు కొన్ని తేరుకోవు. కన్వర్టర్‌ను పీకి మళ్లీ గుచ్చితే బొమ్మ వస్తోందంటే దొంగ దొరికినట్టే. విడిగా కరెంటు ఇచ్చే కన్వర్టర్ కొనండి, లేదా మదర్‌బోర్డుకు వీజీఏ పోర్టు ఉండి, గ్రాఫిక్స్ కార్డు వేరే లేకపోతే నేరుగా దానికే పెట్టండి.

ఫ్యాన్ తిరుగుతోంది, క్యాప్స్ లాక్ కూడా పలకదు

అసలు తలనొప్పి ఇదే. లేస్తూ లేస్తూ మధ్యలో బిగుసుకుపోయింది. ఇప్పుడు బటన్ నొక్కిపట్టి ఆపక తప్పదు. ఆన్ అయ్యాక వెంటనే ఈవెంట్ వ్యూయర్ (జరిగినవన్నీ విండోస్ రాసి పెట్టుకునే చిట్టా) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టం చూడండి. కెర్నల్ పవర్ పేరుతో ఈవెంట్ నంబరు 42 అంటే స్లీప్‌లోకి పోయింది. పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో 1 అంటే లేచింది. కెర్నల్ పవర్ 41 అంటే సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగింది. 42 తర్వాత 1 కనిపించి ఆపైన 41 ఉంటే, విండోస్ లేచాకే తగాదా మొదలైంది, డ్రైవర్‌ను అనుమానించండి. 1 లేకుండా 41 ఉంటే విండోస్ దాకా రాకపోయి ఉండొచ్చు, బయోస్, ర్యామ్, ఎస్ఎంపీఎస్ వైపు చూడండి.

డ్రైవర్ అయితే గ్రాఫిక్స్ డ్రైవర్‌తో మొదలుపెట్టండి. ఈ సమస్య ఈమధ్యే అప్‌డేట్ తర్వాత వస్తే కొత్తది వేయడం కాదు, డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేయండి. తర్వాత చిప్‌సెట్ డ్రైవర్. దాన్ని మదర్‌బోర్డు కంపెనీ సైటు నుంచే తెచ్చుకోవాలి. పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేసి కూడా చూడవచ్చు. ఒకసారి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి మార్చి బాగైతే ఏది పనిచేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటి నుంచి వెతకాలి.

ర్యామ్ వైపు అయితే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి ఉందేమో చూసి ఆపేయండి. రోజంతా బాగా నడిచిన వేగం కూడా స్లీప్ నుంచి లేచేటప్పుడు తడబడుతుంది. తర్వాత దుమ్ము. ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణంలో పత్తి నూగు, గోదావరిఖనిలో బొగ్గు పొడి క్యాబినెట్ లోపలిదాకా పోతాయి. ప్లగ్ తీసి, ర్యామ్ స్టిక్కులు బయటకు తీసి, బంగారు రంగు కొసలను మెత్తటి రబ్బరుతో తుడిచి, పొడి దులిపి గట్టిగా కూర్చోబెట్టండి. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి స్లీప్ పరీక్షించండి.

బయోస్ అప్‌డేట్ కూడా చాలాసార్లు పనిచేస్తుంది. కానీ అది జరుగుతుండగా కరెంటు పోతే మదర్‌బోర్డుకే ఎసరు. యూపీఎస్ నమ్మకంగా ఉంటేనే చేయండి. ఆకాశం మబ్బు పట్టిన సాయంత్రం మాత్రం వద్దు.

ఒక్క క్షణం లేచి మళ్లీ ఆరిపోతోంది, లేదా మొదటి నుంచి బూట్ అవుతోంది

ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ముసలివైతే ఇట్లా చేస్తుంది. మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లు 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదా రంగు వైరుకు, నల్ల వైరుకు మధ్య చూడండి, 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. సరిగ్గా కనిపించినా లోడ్ పడగానే కూలే ఎస్ఎంపీఎస్‌లు ఉంటాయి, అందుకే తెలిసినవాళ్ల దగ్గర మంచిది ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడటమే నమ్మకమైన పరీక్ష. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

మెయిన్ ఆపిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. బయోస్ సెట్టింగులు కూడా దాంతోపాటే పాత స్థితికి పోతాయి, మీరు మార్చిన ఈఆర్‌పీ, ఎక్స్‌ఎంపీ సహా. బ్యాటరీ మార్చాక వాటిని మళ్లీ చూసుకోవాలి.

షాపుకు తీసుకెళ్లాల్సి వస్తే

లైటు ఎట్లా ఉంది, క్యాప్స్ లాక్ పలికిందా లేదా, ఈవెంట్ వ్యూయర్‌లో 1 కనిపించిందా, ఏమేం మార్చి చూశారు, ఇవి కాగితం మీద రాసివ్వండి. "ముందు ఫార్మాట్ కొడదాం" అంటే ఒప్పుకోకండి. క్యాప్స్ లాక్ మారుతున్న సిస్టంకు ఫార్మాట్‌తో పనిలేదు, ఎస్ఎంపీఎస్ పోయిన సిస్టంకు ఫార్మాట్‌తో లాభం లేదు. క్యాబినెట్ ఒక్కటే మోసుకుపోకండి. మీ మానిటర్ వైరు, కన్వర్టర్, కీబోర్డు కూడా పట్టుకెళ్లండి. లేకపోతే అక్కడి మంచి వైరుకు తగిలించగానే చక్కగా లేస్తుంది, ఇంటికి తెచ్చాక మళ్లీ లేవదు.