చిన్న సంఘానికి ఆన్‌లైన్ చందాలు: పెద్ద ఖర్చు లేకుండా ఎలా మొదలెట్టాలి

మాది పర్లాకిమిడి, మహేంద్రతనయ ఒడ్డున. పక్కనే పాతపట్నం అంటే ఆంధ్రా, ఇటు మేము ఒడిశా. సాయంత్రం పూట పిల్లలకి తెలుగు రాయడం, చదవడం నేర్పి, లేనివాళ్ళకి నోటుపుస్తకాలు, బ్యాగులు ఇచ్చే చిన్న సంఘం మాది, లెక్కలు నేను చూస్తాను. చందాలిచ్చేవాళ్ళలో సగం మంది పైనే ఊళ్ళో ఉండరు, విశాఖపట్నం, హైదరాబాద్, బరంపురం, రాయగడ, కొంతమంది అమెరికా. ఇదివరకు పండక్కి వచ్చినప్పుడు కవర్లో పెట్టి ఇచ్చేవారు, ఇప్పుడందరూ "స్కానర్ పంపండి" అంటున్నారు. మొన్న గుణుపురం నుంచి ఒకాయన ఫోన్ చేసి, మేమూ మొదలెడదాం అనుకుంటున్నామండి, వెబ్‌సైట్‌కి ముప్పై వేలు అడుగుతున్నారు ఏం చెయ్యమంటారు అన్నారు. ఆ ముప్పై వేలు ఖర్చు పెట్టొద్దండి బాబూ, వెబ్‌సైట్ లేకుండానే అయిపోద్ది అని చెప్పాను. ఆయనకి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

అన్నిటికంటే ముందు బ్యాంకు ఖాతా. అది సంఘం పేరు మీదే ఉండాలి, సెక్రటరీ గారి సొంత ఖాతాలో వేయించుకోవడం మాత్రం వద్దు, ఎంత మంచివారైనా సరే. ఇప్పుడు యూపీఐలో డబ్బు పంపే ముందు బ్యాంకులో ఉన్న పేరే కనిపిస్తుంది, సంఘానికి అనుకుని స్కాన్ చేసినవాళ్ళకి ఎవరో మనిషి పేరు కనబడితే అక్కడే ఆగిపోతారు. పైగా ఆ డబ్బు రేపు ఆయన ఆదాయంలో కలిసిపోయి ఆయనకే తలనొప్పి. ఖాతాకి కావలసినవి రిజిస్ట్రేషన్ కాయితం, సంఘం పేరు మీద పాన్ కార్డు, నిబంధనల కాపీ, ఎవరు సంతకం పెడతారో రాసిన కమిటీ తీర్మానం, వాళ్ళ ఆధార్, పాన్. 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయినవాళ్ళకి సేవింగ్స్ ఖాతా ఇవ్వొచ్చు, కౌంటర్లో కరెంట్ ఖాతాయే తెరవాలి అంటే ఒకసారి మేనేజర్ గారిని కలిసి అడగండి, ఎందుకంటే కరెంట్ ఖాతాకి మినిమమ్ బ్యాలెన్స్ ఎక్కువ, వడ్డీ రాదు.

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది, మేము దాంట్లో పడి రెండు నెలలు తిరిగాం. మా రిజిస్ట్రేషన్ కాయితంలో ఊరి పేరు ఒడియా పలికినట్టు 'పారలాఖెముండి' అని పడింది, పాన్ కార్డులో మనం పలికినట్టు 'పర్లాకిమిడి' అని పడింది, అది సంఘం పేరులోనే ఉండటంతో బ్యాంకులో రెండు పేర్లూ వేరు వేరు సంస్థలవి అన్నారు. ఊరు ఒకటేనండీ అంటే కంప్యూటర్ ఒప్పుకోదు కదా. చివరికి పాన్ సవరించుకున్నాకే ఖాతా తెరుచుకుంది. కాబట్టి బరంపురం వాళ్ళైనా జయపురం వాళ్ళైనా పాన్‌కి అప్లై చేసేముందే రిజిస్ట్రేషన్ కాయితం పక్కన పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ చూసి రాయండి, స్పేసుతో సహా.

ఖాతా వచ్చాక క్యూఆర్. అదే బ్రాంచిలో సంఘం ఖాతాకి యూపీఐ క్యూఆర్ ఇమ్మని అడగండి, లేదంటే ఫోన్‌పే, పేటీఎం లాంటివాటి బిజినెస్ యాప్‌లో ఆ ఖాతా పెట్టి తీసుకోవచ్చు. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలోంచి నేరుగా వచ్చే యూపీఐ డబ్బు మీద, రూపే డెబిట్ కార్డు మీద ఎండీఆర్ ఛార్జీ (డబ్బు తీసుకునేవాళ్ళ దగ్గర బ్యాంకులు పట్టుకునే రుసుము) లేదు, ఎవరైనా వంద పంపితే వందా మీకే. మాట్లాడే స్పీకర్ పెట్టె మాత్రం తీసుకోకండి, దానికి నెలనెలా అద్దె, షాపుకైతే కావాలి గానీ మనకెందుకు. క్యూఆర్ వచ్చాక ఒక రూపాయి పంపి చూసుకోండి, పేరు సరిగ్గా వస్తుందో లేదో, డబ్బు ఏ ఖాతాలో పడిందో. క్యూఆర్ కింద సంఘం పేరు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో రాయించండి, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్సీ కూడా వెయ్యండి, పెద్దమొత్తాలు పంపేవాళ్ళు బ్యాంకు నుంచే పంపుతారు. మన వైపు ఉత్కళ గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఒడిశా గ్రామీణ బ్యాంకులో కలిసింది కదా, అలా బ్యాంకులు కలిసినప్పుడు ఐఎఫ్ఎస్సీ మారొచ్చు, పాత కరపత్రాలు పంచేముందు ఒకసారి బ్రాంచిలో అడగండి. గుడి దగ్గరో కిరాణా కొట్లోనో క్యూఆర్ అతికిస్తే వారానికోసారి వెళ్ళి స్కాన్ చేసి చూడండి, పైన వేరేవాళ్ళ స్టిక్కర్ అతికించేసే మోసాలున్నాయి.

ఇక అసలు పని ఇక్కడ మొదలవుద్ది. స్టేట్‌మెంట్‌లో మనకి కనబడేది పేరు, యూపీఐ ఐడీ, అంతే. అడ్రసు ఉండదు, పాన్ ఉండదు. పేరు, అడ్రసు రికార్డు లేని చందాలు ఒక హద్దు దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుద్ది. అందుకని క్యూఆర్ ఫొటో పంపేటప్పుడే దాంతోపాటు ఒక గూగుల్ ఫారం లింకు పంపండి, అది ఉచితమే. పేరు, ఊరు, అడ్రసు, ఫోన్, ఎంత పంపారు, రసీదు కావాలా, పన్ను మినహాయింపు కావాలంటే పాన్. ఇంతకన్నా ఎక్కువ అడిగితే ఎవరూ నింపరు.

రసీదు అదే రోజు వెళ్ళాలి. నేనైతే రాత్రి భోజనాలయ్యాక స్టేట్‌మెంట్ తెరిచి, నీలం అట్ట రిజిస్టర్‌లో ఎక్కించి, వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ పంపుతాను: "నమస్కారం మావయ్య గారూ, మీ 200 రూపాయలు ఈరోజు సంఘం ఖాతాలో చేరాయి, రసీదు నంబరు 47, ఈ నెల నోటుపుస్తకాలకి వాడుతున్నాం." పాతపట్నంలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, మొదటిసారి యూపీఐలో 50 రూపాయలు పంపి, చేరిందో లేదో అని నాకు మూడుసార్లు ఫోన్ చేశారు. రసీదు వెళ్ళాక ఆయన ఫోన్ చెయ్యడం మానేసి ప్రతి నెలా పెన్షన్ పడ్డ రోజే పంపుతున్నారు. ఆ యాభై మాకు చాలా ముఖ్యం.

80జీ గురించి, అంటే చందా ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు వచ్చేలా సంఘం తీసుకునే అనుమతి గురించి, అందరూ అడుగుతారు. అది ఉంటే ఇచ్చినవాళ్ళు పాత పన్ను విధానంలో ఉంటే చందాలో సాధారణంగా సగం వరకు మినహాయింపు, కొత్త విధానంలో ఉన్నవాళ్ళకి ఉపయోగం లేదు. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు, అదొక కారణం ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి. ఇది తీసుకుంటే ఏటా చందాదారుల లెక్క ఆదాయపు పన్ను శాఖకి పంపాలి, ఇన్నాళ్ళూ ఫారం 10బీడీ, మే 31 గడువు, ఆలస్యమైతే రోజుకి 200 ఫీజు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఫారాల నంబర్లు మీ ఆడిటర్ దగ్గర సరిచూసుకోండి. ఏడాదికి పదిమంది కూడా అడగకపోతే మొదటి ఏడు దాని వెంట పడొద్దు అని నా అభిప్రాయం.

కార్డులు, నెట్‌బ్యాంకింగ్ కావాలంటే రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వేలు (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసి మన ఖాతాకి చేర్చే కంపెనీలు) ఉన్నాయి, వెబ్‌సైట్ లేకపోయినా పేమెంట్ లింకు ఇస్తారు. రెండు శాతం ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే వెయ్యికి 23 రూపాయల 60 పైసలు పోతాయి. కొందరు యూపీఐ మీద కూడా ఫీజు తీసుకుంటారు, అందుకే ఎప్పుడూ క్యూఆర్ ముందు పంపి, కార్డే కావాలన్నవాళ్ళకే లింకు పంపండి. నెలనెలా దానంతటదే కట్ అయ్యే యూపీఐ ఆటోపే కూడా గేట్‌వే ద్వారానే పెట్టుకోవాలి, ముప్పై నలభై మంది నెలవారీ దాతలు అయ్యేదాకా అక్కర్లేదు, 5వ తారీఖున ఒక మెసేజ్ పెడితే చాలు.

అమెరికా వాళ్ళ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మన భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు అక్కడ పని చేస్తూ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే పర్వాలేదు, పాస్‌పోర్ట్ కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి. కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, ఇక్కడికి సెలవులకొచ్చి రూపాయల్లో ఇచ్చినా సరే, చట్టం ప్రకారం అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా తీసుకోకూడదు. సొంత మేనమామ అయినా అంతే. ఆ రిజిస్ట్రేషన్‌కి సంఘం మూడేళ్ళుగా ఉండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు పనుల మీద ఖర్చు పెట్టి ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. మనలాంటివాళ్ళకి కుదరదు. మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒక అక్క యాభై వేలు పంపుతానంటే ఇదే చెప్పి వద్దన్నాం, బాధగానే అనిపించింది. ఇక్కడున్న వాళ్ళ నాన్నగారు తన పెన్షన్‌లోంచి నెలకి ఐదొందలు ఇస్తున్నారు, అది ఆయన డబ్బు కాబట్టి ఇబ్బంది లేదు, ఆమె పంపినది ఆయన ఖాతాలో వేసుకుని మళ్ళించడం మాత్రం వద్దని ముందే చెప్పాం.

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు వాళ్ళెవరైనా మొదలెడుతుంటే బ్యాంకుకి ఇచ్చే కమిటీ తీర్మానం నమూనా మా దగ్గర తెలుగులో, ఇంగ్లీషులో ఉంది, అడగండి పంపుతాను.