డిఫర్ అన్నారా, వెయిట్‌లిస్ట్ అన్నారా? సమస్య - పరిష్కారం

డిసెంబరు చలిలో తెల్లవారుజామున అయిదున్నరకి మా పిన్ని కూతురి అమెరికా కాలేజీ అడ్మిషన్ రిజల్ట్ వచ్చింది. అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఏడింటికి వదిలితే గుంటూరు బ్రాడీపేటలో అదే టైము. బాబాయి పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. సీటు వచ్చిందీ కాదు, పోయిందీ కాదు, డిఫర్ చేశారట. మార్చి చివర్లో ఇంకో కాలేజీ వెయిట్‌లిస్టులో పెట్టింది. రెండు తలనొప్పులూ ఒకే ఏడాది పడ్డాం కాబట్టి రాస్తున్నా.

సమస్య: "డిఫర్ అయితే ఏముందిలే, జనవరిలో వెళ్లొచ్చుగా" అని చుట్టాలంతా అంటున్నారు.

కారణం: మన దగ్గర డిఫర్ అనేది ఎమ్మెస్ వాళ్ల మాట. వీసా స్లాట్ దొరక్కో, లోన్ ఆలస్యమయ్యో, వచ్చిన సీటునే ఫాల్ (ఆగస్టు) నుంచి స్ప్రింగ్ (జనవరి) బ్యాచ్‌కి జరుపుకుంటారు. ఇంటర్ చదువుతూ నవంబరులోనే ముందుగా అప్లై చేసినవాళ్లకి వచ్చే డిఫర్‌లో అసలు సీటే లేదు. మీ ఫైలు మిగతా అందరి ఫైళ్లతో కలిపి మళ్లీ చూస్తాం, మార్చికి చెబుతాం అని దానర్థం.

పరిష్కారం: ముందు ఇంట్లో ఈ తేడా చెప్పండి. ఎర్లీ డెసిషన్‌లో పెట్టి ఉంటే, వస్తే చేరి తీరతామన్న ఒప్పందం డిఫర్‌తో తీరిపోయినట్టే. చాలా కాలేజీల రెగ్యులర్ గడువు జనవరి మొదట్లోనే, అంటే చేతిలో ఉన్నది రెండు వారాలు. ఒక పూట ఏడ్చినా పర్లేదు, మర్నాడు మిగతా అప్లికేషన్లు తెరవాల్సిందే.

సమస్య: డిఫర్ చేసిన కాలేజీకి ఇంకా ఆసక్తి ఉందని లెటర్ పంపాం, ఉలుకూ పలుకూ లేదు.

కారణం: జవాబు రాకపోవడం మామూలే, దాని గురించి టెన్షన్ వద్దు. కానీ కొన్ని కాలేజీలు లెటర్లే వద్దంటాయి, కొన్ని పోర్టల్లో ఫారం ఇస్తాయి. ఎమ్‌ఐటీ అయితే డిఫర్ అయినవాళ్లకి ఫిబ్రవరి అప్‌డేట్ల ఫారం అని ఒకటి పెడుతుంది. ఆ కాలేజీ చెప్పిన దారి వదిలేసి మెయిల్ మీద మెయిల్ కొడితే విసుగు తెప్పించడమే. ఇక లెటర్‌లో సరుకు లేకపోవడం అసలు జబ్బు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బులు తీసుకుని మాకు రాసిచ్చింది పేజీన్నర ఉంది. అందులో "ప్రతిష్ఠాత్మకమైన మీ సంస్థ" నాలుగుసార్లు, "చిన్నప్పటి కల" రెండుసార్లు. కాలేజీ పేరు మార్చి ఎవరికైనా పంపొచ్చు.

పరిష్కారం: అది పక్కన పడేసి పిల్లే మళ్లీ రాసింది. బాబాయికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. నవంబరు అప్లికేషన్‌లో "టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కకి యాప్ తయారు చేస్తున్నా" అని ఒక్క లైను ఉంది. జనవరి లెటర్‌లో ఆ తర్వాత కథ రాసింది: గుమాస్తా రోజూ దాంట్లోనే ఎక్కిస్తున్నాడు, తేజ, 334 రకాలు విడివిడిగా కావాలంటే మార్చింది, ఒకరోజు కరెంటు పోయి పొద్దుటి నుంచి ఎక్కించిన లెక్కంతా ఎగిరిపోతే గుమాస్తా తిట్టుకుంటూ మళ్లీ పాత చిట్టా పుస్తకం తీశాడు, అది ఎలా సరిచేసిందో కూడా. కన్సల్టెన్సీ వాళ్లయితే ఆ కరెంటు ముక్క కొట్టేసేవాళ్లు, నన్నడిగితే లెటర్ మొత్తంలో అదే బాగుంది. చివర్లో "సీటిస్తే తప్పకుండా చేరతాను" అని ఒక వాక్యం, అది నిజమైన ఒక్క కాలేజీకే రాయండి. పేజీ దాటొద్దు, రెండో లెటర్ వద్దు.

సమస్య: మిడ్ ఇయర్ మార్కులు అడిగారు, మా జూనియర్ కాలేజీలో ఎవరికీ అర్థం కావట్లేదు.

కారణం: వీకెండ్ టెస్టులు, ర్యాంకులు తప్ప వేరే కాగితం ఇచ్చే అలవాటు లేదు.

పరిష్కారం: అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపుతో తీసుకోండి. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే వెబ్‌సైట్) కౌన్సెలర్‌గా పెట్టిన సారు లాగిన్ నుంచే అది వెళ్లాలి. సంక్రాంతి సెలవుల ముందే పట్టుకోండి, తర్వాత ప్రాక్టికల్స్ హడావుడిలో ఎవరూ దొరకరు.

సమస్య: వెయిట్‌లిస్టులో ఎన్నో నంబరో చెప్పట్లేదు.

కారణం: ఇది పినాకినీ రైలు టికెట్ కాదు, ఒక్కో నంబరూ ముందుకి జరగడానికి. చాలా కాలేజీలు వరస పెట్టవు. మే 1 నాటికి డిపాజిట్ కట్టినవాళ్లను లెక్క చూసుకుని, ఎక్కడ ఖాళీ ఉంటే దానికి సరిపోయేవాళ్లని పిలుస్తారు. కొన్నేళ్లు ఒక్కరినీ పిలవరు. ఫీజు సాయం అడిగిన విదేశీ పిల్లలకి ఇంకా కష్టం, అప్పటికి ఆ డబ్బు చాలా చోట్ల అయిపోతుంది.

పరిష్కారం: లిస్టులో ఉంటానని పోర్టల్లో నొక్కాలి. నొక్కకపోతే లేనట్టే, ఇది చాలామంది చూసుకోరు. ఏప్రిల్‌లో వచ్చే ఇంటర్ సెకండియర్ మార్కులు వెంటనే పంపండి. మార్చిలో మీ ఫైలు చూసినప్పుడు వాళ్ల దగ్గర లేనివి అవే. సీటు వచ్చిన వేరే కాలేజీలో డిపాజిట్ మాత్రం కట్టేయండి, సాధారణంగా తిరిగి రాదు, అయినా కట్టాలి. అక్కడ మే 1 అర్ధరాత్రి అంటే మనకి మే 2 ఉదయం తొమ్మిదిన్నర అని ధీమాగా కూర్చోకండి, కార్డుకి విదేశీ పేమెంట్లు ఆన్ చేసి లేకపోవడంతో బాబాయి ఆఖరి గంటలో బ్యాంకుకి పరిగెత్తాడు.

సమస్య: జూన్‌లో వెయిట్‌లిస్టు కాలేజీ వాళ్లు సీటిస్తామన్నారు, కానీ డిపాజిట్ కట్టిన మొదటి కాలేజీ ఐ-20 (వీసాకి కాలేజీ ఇచ్చే పత్రం) తీసుకుని సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకి అమెరికా ప్రభుత్వానికి కట్టేది) 350 డాలర్లు కట్టేశాం.

మాకు జరిగింది ఇదే (డిసెంబరులో డిఫర్ చేసిన కాలేజీ మార్చిలో కాదనేసింది లెండి). జవాబు చెప్పడానికి ఇచ్చింది కొద్ది రోజులే. సరే అనేముందు ఫీజు సాయం ఎంత, హాస్టల్ గది ఉందా, ఐ-20 ఎన్ని రోజుల్లో వస్తుంది, ఈ మూడూ మెయిల్లో అడిగి రాతలో తెప్పించుకోండి. తర్వాత మొదటి కాలేజీకి రావట్లేదని మర్యాదగా చెప్పండి. వీసా ఇంటర్వ్యూ ఇంకా కాకపోతే సెవిస్ ఫీజు మళ్లీ కట్టక్కర్లేదు, కొత్త ఐ-20 మీద ఉన్న నంబరుకి మార్పించుకోవచ్చు. ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఫైల్లో పాత ఐ-20 పైన, కొత్తది అడుగున ఉందేమో ఒకసారి చూసుకోండి, మావాళ్లు సూర్యాపేట దాటాక చూసుకున్నారు.