లినక్స్ డెస్క్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ మూగబోతే ఎక్కడ వెతకాలి

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాం, పాట నడుస్తోంది, వాల్యూమ్ నిండుగా ఉంది, చెవిలో మాత్రం ఏమీ లేదు. ఇలాంటప్పుడు చాలామంది దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టేస్తారు. అంత అవసరం లేదు. శబ్దం ఎంతవరకు వచ్చి ఆగిపోయిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

ముందు ఆ హెడ్‌ఫోన్స్‌ని ఫోన్‌కో ఇంకో కంప్యూటర్‌కో పెట్టి చూడండి. అక్కడా మోగకపోతే లినక్స్‌ని తిట్టుకోవడం దండగ. పిన్ను మీద నల్ల గీతలు కూడా లెక్కపెట్టండి. మైకున్న ఫోన్ హెడ్‌సెట్‌కి మూడు గీతలుంటాయి, డెస్క్‌టాప్ వెనకున్న ఆకుపచ్చ జాక్ సాధారణంగా రెండు గీతల పిన్ను కోసం చేసింది. కొన్ని జతల్లో గ్రౌండ్ (రెండు చెవులకీ ఉమ్మడి తీగ) సరిగ్గా తగలదు. అప్పుడు పాడేవాళ్ల గొంతు మాయమై, వాయిద్యాలు మాత్రం ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. పిన్నుని ఒక మిల్లీమీటరు బయటికి లాగితే గొంతు తిరిగొచ్చిందంటే రోగం అదే. మైకునీ హెడ్‌ఫోన్‌నీ విడదీసే స్ప్లిటర్ కొనుక్కుంటే సరిపోతుంది.

ఇక కంప్యూటర్ లోపలికి వద్దాం. పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి. ప్యాకేజీ పేరు పీఏవీయూ అనే నాలుగక్షరాలకి కంట్రోల్ కలిపితే వచ్చేదే. ఉబుంటు, డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలన్నింటిలో అదే పేరు. ఫెడోరా 34 నుంచి, ఉబుంటు 22.10 నుంచి శబ్దం చూసుకునేది పల్స్‌ఆడియో కాదు, పైప్‌వైర్. అయినా ఈ ప్రోగ్రామ్ దానితోనూ బాగా పనిచేస్తుంది. డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో కనిపించనివి ఇందులో కనిపిస్తాయి.

పాట నడుస్తుండగా ప్లేబ్యాక్ ట్యాబ్ తెరవండి. బ్రౌజర్ పేరు కింద ఒక గీత పాటతోపాటు ఊగుతూ ఉండాలి. అసలు ఊగకపోతే తప్పు బ్రౌజర్‌లోనే ఉంది, ఆ ట్యాబ్ మ్యూట్ అయిందేమో చూడండి. ఊగుతుంటే, ఆ వరస కుడివైపు ఏ పరికరం పేరుందో చదవండి. ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. అక్కడ హెచ్‌డీఎంఐ అని ఉంటుంది. అంటే శబ్దం గ్రాఫిక్స్ కార్డు మీదుగా స్పీకర్లే లేని మానిటర్‌కి పోతోంది. పేరు మీద నొక్కి బిల్టిన్ ఆడియో అనలాగ్ స్టీరియోకి మార్చండి. తర్వాత అవుట్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌లో అదే పరికరం పక్కనున్న ఆకుపచ్చ టిక్కు నొక్కితే అదే డిఫాల్టు అవుతుంది. మానిటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడల్లా మళ్లీ హెచ్‌డీఎంఐకే పోతుంటే, కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో గ్రాఫిక్స్ కార్డు ప్రొఫైల్‌ని ఆఫ్ చేసేయండి. మొరటు పద్ధతే గానీ పక్కాగా పనిచేస్తుంది.

అనలాగ్ అనే పేరే కనిపించకపోతే ఆ కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లోనే బిల్టిన్ ఆడియో ప్రొఫైల్ ఆఫ్‌లోనో డిజిటల్‌లోనో ఉందేమో చూసి అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్ పెట్టండి. కార్డే లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఆన్‌బోర్డ్ ఆడియో ఆపేసి ఉందేమో చూడాలి.

పోర్టు దగ్గర ఒక తిరకాసు ఉంది. డెస్క్‌టాప్‌లో వెనక ఆకుపచ్చ జాక్ పేరు లైన్ అవుట్, క్యాబినెట్ ముందున్న జాక్ పేరు హెడ్‌ఫోన్స్. మీరు వెనక పెట్టి, అవుట్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌లోని పోర్ట్ జాబితాలో హెడ్‌ఫోన్స్ ఎంచుకుంటే ఎన్ని గంటలు కూర్చున్నా మోగదు, లైన్ అవుట్ ఎంచుకోవాలి. పేరు పక్కన అన్‌ప్లగ్డ్ అని ఉంటే ఆ జాక్‌లో ఏదో పెట్టినట్టు కంప్యూటర్‌కి తెలియలేదన్నమాట. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

పరికరం సరైనదే, పోర్టు సరైనదే, గీత ఊగుతోంది, అయినా నిశ్శబ్దం. అప్పుడు టెర్మినల్‌లో, సౌండ్ కార్డు సొంత వాల్యూమ్‌లు చూపించే ఆల్సామిక్సర్ నడపండి. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. తెరవగానే మాస్టర్ ఒక్కటే కనిపిస్తే కంగారుపడొద్దు, అది పైప్‌వైర్ ముఖం. ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకోండి. ఇంటెల్ బోర్డుల్లో హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్ అని, ఏఎండీ బోర్డుల్లో హెచ్‌డీ ఆడియో జెనెరిక్ అని ఉంటుంది. ఒక్కోసారి జెనెరిక్ అనే పేరుతో రెండుంటాయి, వాటిలో హెచ్‌డీఎంఐది వదిలేసి చిప్ పేరు రియల్‌టెక్ అని చూపించేది పట్టుకోండి. హెడ్‌ఫోన్, ఫ్రంట్, మాస్టర్ గడుల కింద రెండు ఎంలు ఉంటే మ్యూట్ అయినట్టు. దాని మీదికి వెళ్లి ఎం నొక్కితే అవి రెండు ఓలుగా మారతాయి. పై బాణంతో లెవెల్ పెంచండి. కుడివైపు చివర్లో ఆటోమ్యూట్ మోడ్ ఉంటుంది. ముందు జాక్‌లో ఏదో ఉందని ఆడియో చిప్ అనుకుంటే, అది వెనక జాక్‌ని ఆపేస్తుంది. వెనక పెట్టినవాళ్లు దాన్ని డిసేబుల్డ్ చేసి చూడాలి. ఎస్కేప్ నొక్కి బయటికొచ్చి, సుడో ఆల్సాసీటీఎల్ స్టోర్ కొడితే ఆ అమరిక రీబూట్ తర్వాతా నిలుస్తుంది.

ఇప్పుడు అన్‌ప్లగ్డ్ సంగతి. జాక్‌లో పిన్ను దూరితే ఒక చిన్న స్విచ్ పనిచేసి ఆ కబురు చిప్‌కి చేరుతుంది. ముందు జాక్‌కి శబ్దం తీసుకెళ్లేదీ, అక్కణ్నించి ఆ కబురు తెచ్చేదీ ఒకే కేబుల్. అది మదర్‌బోర్డు కింది అంచున ఎఫ్ ఆడియో, జేఏయూడీ1, ఏఏఎఫ్‌పీ లాంటి పేరున్న చోట తగులుతుంది. దుమ్ము దులిపినప్పుడు, క్యాబినెట్ మార్చినప్పుడు ఊడిపోయేది ఇదే. కరెంటు తీసేసి చూడండి. 2 వరసల్లో మొత్తం 9 పిన్నులు. యూఎస్‌బీ 2.0 సాకెట్‌కీ 9 పిన్నులే గానీ, దానిలో ఖాళీ మూలన ఉంటుంది, ఆడియోలో మూల పక్కన ఉంటుంది. బలవంతంగా దూర్చొద్దు. పాత క్యాబినెట్లలో ఆ కేబుల్‌కి హెచ్‌డీ ఆడియో, ఏసీ97 (పాత పద్ధతి) అని రెండు కనెక్టర్లు వేలాడుతుంటాయి. ఏసీ97ది తగిలిస్తే శబ్దం మార్గం ఉన్నా కబురు చేరదు, కాబట్టి హెచ్‌డీదే వాడండి. అది లేకపోతే ఆల్సా టూల్స్ ప్యాకేజీలో (ఉబుంటు, డెబియన్‌లలో ఆల్సా టూల్స్ జీయూఐలో) ఉండే హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే ప్రోగ్రామ్‌తో ఆ పిన్నుకి జాక్ డిటెక్షన్ లేదని చెప్పి, ఇన్‌స్టాల్ బూట్ ఓవర్‌రైడ్ నొక్కి రీబూట్ చేయండి.

విండోస్ కూడా ఉన్న మెషీన్లలో, విండోస్ నుంచి నేరుగా రీస్టార్ట్ చేసి లినక్స్‌లోకొచ్చినప్పుడు మాత్రమే హెడ్‌ఫోన్స్ పలకకపోతే పైవేవీ ముట్టుకోనక్కర్లేదు. కొన్ని చిప్‌లని విండోస్ డ్రైవర్ తనకి నచ్చిన స్థితిలో వదిలేస్తుంది. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి.

నిన్నటిదాకా మోగి, అప్‌డేట్ తర్వాత ఆగిపోతే పైప్‌వైర్, పైప్‌వైర్ పల్స్, వైర్‌ప్లంబర్ అనే మూడు సర్వీసులని సిస్టమ్‌సీటీఎల్ అనే కమాండ్‌తో రీస్టార్ట్ చేయాలి. యూజర్ అనే ఆప్షన్ తప్పనిసరి, సుడో మాత్రం వద్దు. ఈ సర్వీసులు మీ లాగిన్‌వి, రూట్‌వి (అడ్మిన్ ఖాతావి) కావు. అయినా కుదరకపోతే హోమ్‌లో డాట్ లోకల్, దానిలో స్టేట్, దానిలో వైర్‌ప్లంబర్ ఫోల్డర్ పేరు మార్చి లాగౌట్ అయి రండి. ఏ పరికరం, ఏ ప్రొఫైల్, ఎంత వాల్యూమ్ అని అది గుర్తుపెట్టుకున్న పాత లెక్కలన్నీ పోయి, కొత్తగా మొదలుపెడుతుంది.